కూనూరు కొండల మీది తేయాకు – మన ఇంటి తేనీరు

నీలగిరులకు విహారయాత్ర వెళ్ళేవారిలో అధికసంఖ్యాకులు ఉదకమండలం చూచి, సరస్సులో పడవ ఎక్కి, వర్కీలు, నీలగిరి తైలం కొనుక్కొని తిరిగి వస్తారు. దారిలో తగిలే కూనూరు వారికి ఒక రైల్వే స్టేషను మాత్రమే. కాని ప్రతి ఉదయం మనం చేతిలోకి తీసుకునే టీ కప్పు గురించి ఏమైనా తెలుసుకోదలచిన వారికి ఆ జిల్లాలో కూనూరును మించిన ఊరు లేదు. తేయాకు తోటలు, కర్మాగారాలు, తేయాకు వేలం కేంద్రం, దక్షిణ భారత తోటల యజమానుల సంఘం 'ఉపాసి' ప్రధాన కార్యాలయం అన్నీ అక్కడే ఉన్నాయి. అంతేకాదు, మనం ఏమి తినాలో, ఏమి త్రాగాలో, ఎప్పుడు త్రాగాలో దేశానికంతటికీ చెబుతున్న ఒక మహాసంస్థ పుట్టింది కూడ ఆ ఊళ్ళోనే. ఆ సంస్థ నేడు మన హైదరాబాదులో ఉన్నది. ఆ వివరం తరువాత మనవి చేస్తాను.

ఎల్.టి.సి. మీద మేము ఈ యాత్రకు బయలుదేరే నాటికే మా ఇంట్లో ఒక చిన్న వాదం నడుస్తూ ఉండేది. బెంగుళూరులో ఉద్యోగం చేస్తున్న మా అమ్మాయి టీ బ్యాగులకు అలవాటు పడింది. బ్యాగును వేడినీళ్ళలో ముంచి తీస్తే చాలు, వడకట్టే పని లేదు, గిన్నె తోమే పని లేదు అంటుంది. మా శ్రీమతికి ఆ బ్యాగులంటే గిట్టదు. కర్మాగారంలో ఊడ్చి ఎత్తిన దుమ్మునే వాటిలో నింపుతారని ఆమెకు ఎవరో చెప్పారు. పైగా ఆమెకు రక్తంలో హిమోగ్లోబిను తక్కువగా ఉన్నదని డాక్టరుగారు ఇనుము మాత్రలు వ్రాసి ఉన్నారు. కనుక "ఏ టీ ఆరోగ్యానికి మంచిది?" అన్నది మాకు కాలక్షేపానికి వేసుకున్న ప్రశ్న కాదు. తేయాకు పుట్టినచోటనే దానికి సమాధానం దొరకవచ్చునన్న ఆశతో కూనూరులో మూడు రోజులు మకాం చేయాలని నిశ్చయించుకున్నాము.

కొండ రైలు

సికింద్రాబాదు నుండి కోయంబత్తూరు వరకు మామూలు రైలు. అక్కడికి సమీపంలోని మెట్టుపాళయం నుండి నీలగిరి కొండ రైలు బయలుదేరుతుంది. 1899లో కూనూరు వరకు, 1908లో ఉదకమండలం వరకు నిర్మించిన ఈ మార్గాన్ని 2005లో యునెస్కో ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించింది. మొత్తం 46 కిలోమీటర్ల దూరంలో 208 మలుపులు, 16 సొరంగాలు, 250 వంతెనలు ఉన్నాయి. కల్లారు నుండి కూనూరు దాకా వాలు ఎంత నిటారంటే, పన్నెండు అడుగులు ముందుకు సాగేసరికి ఒక అడుగు పైకి ఎక్కవలసి ఉంటుంది. అందుకే పట్టాల నడుమ పళ్ళపట్టీ అమర్చారు. ఇంజను పళ్ళచక్రం ఆ పట్టీని పట్టుకొని ఎక్కుతుంది. ఇంజను ముందుండి లాగదు, వెనుకనుండి నెడుతుంది. ముందు పెట్టెలో కూర్చున్నవారికి లోయలన్నీ అడ్డులేకుండ కనిపిస్తాయి.

కల్లారు వద్ద పోకతోటలు. ఆ పైన దట్టమైన అడవి. రన్నీమీడ్ దాటిన తరువాత అడవి పలుచబడి, కొండవాలు మీద తివాచీ పరచినట్లు తేయాకు తోటలు మొదలవుతాయి. సుమారు 1,850 మీటర్ల ఎత్తున ఉన్న కూనూరులో దిగగానే చల్లని గాలి ముఖానికి తగులుతుంది.

రెండు ఆకులు, ఒక మొగ్గ

నీలగిరులలో తేయాకును 1830 దశకంలో కేటి వద్ద ప్రయోగాత్మకంగా నాటారు. 1860 దశకం నాటికి అది వ్యాపార పంటగా స్థిరపడింది. స్వాతంత్ర్యానంతర చరిత్రలో మనవంటి ప్రభుత్వరంగ ఉద్యోగులు గుర్తుంచుకోదగిన ఘట్టం ఒకటున్నది. 1964 నాటి శాస్త్రి–సిరిమావో ఒప్పందం ప్రకారం శ్రీలంక నుండి తిరిగివచ్చిన తమిళ కుటుంబాలకు జీవనోపాధి కల్పించడానికి తమిళనాడు ప్రభుత్వం ఇక్కడ తేయాకు తోటలు వేయించింది. ఆ తోటల నిర్వహణకు 1976లో 'టాన్‌టీ' అనే ప్రభుత్వ సంస్థ ఏర్పడింది. అక్కడి ప్రతి తోటలోను మొక్క ఎంత ముఖ్యమో, దాన్ని పట్టుకొని బ్రతికే కుటుంబం కూడ అంత ముఖ్యం.

తేయాకు మొక్కను స్వేచ్ఛగా పెరగనిస్తే చెట్టవుతుంది. కోతకు వీలుగా దాన్ని నడుము ఎత్తుకు మించకుండ కత్తిరిస్తూ ఉంటారు. మధ్యమధ్య నీడ కోసం సిల్వర్ ఓక్ చెట్లు నిలబడి ఉంటాయి. కొనలోని రెండు లేత ఆకులు, ఒక మొగ్గ – మంచి తేనీటికి కావలసినది ఇంతే. వీపున సంచి వ్రేలాడవేసుకొని ఆ వాలుల మీద నిలబడి చిగురు కోసే స్త్రీలను చూస్తే, మనం నాలుగు గుటకలలో ముగించే కప్పు వెనుక ఎంత శ్రమ ఉన్నదో అర్థమవుతుంది. సుమారు నాలుగు నుండి ఐదు కిలోల పచ్చాకు ఒక్క కిలో టీ అవుతుంది.

గ్రీన్ టీ, నల్ల టీ వేరువేరు మొక్కల నుండి వస్తాయని మనలో చాలామంది అనుకుంటారు. మొక్క ఒక్కటే, తయారుచేసే విధానంలోనే భేదం.

జల్లెడల దగ్గర తేలిన సంగతి

మరునాడు ఒక తేయాకు కర్మాగారం చూడడానికి అనుమతి దొరికింది. లోపల అడుగు పెట్టగానే కోసిన పచ్చగడ్డి వాసన, దాని వెనుక పండ్ల వాసన కలిసి వస్తాయి. పచ్చాకును ముందుగా పొడవైన తొట్లలో పరచి, క్రింద నుండి గాలి పంపి కొన్ని గంటలపాటు వాడబెడతారు. వాడిన ఆకును రెండు విధాలుగా నలుపుతారు. మొదటిది 'ఆర్థొడాక్స్' పద్ధతి. ఇందులో ఆకు పెద్దగా చిదిరిపోకుండ మెలితిరుగుతుంది. రెండవది 'సి.టి.సి.' పద్ధతి. 1930 దశకం తొలినాళ్ళలో అస్సాంలో వచ్చిన యంత్రం ఇది. ఆకును పళ్ళున్న రోలర్ల మధ్య నలిపి, చీల్చి, గుండ్రని పలుకులుగా చేస్తుంది. మన ఇళ్ళలో పాలు పోసి మరిగించే టీ పొడి చాలావరకు ఈ పద్ధతిలో వచ్చినదే.

నలిగిన ఆకు గాలి తగిలి ఆకుపచ్చ నుండి రాగిరంగుకు మారుతుంది. పిమ్మట వేడిగాలితో ఆరబెడతారు. చివరి మజిలీ జల్లెడలు. ఎడతెరిపి లేకుండ ఊగే ఆ జల్లెడల వరుస మీద ఒకే పోతలో నుండి పెద్ద ఆకు ఒకచోట, విరిగిన ఆకు మరొకచోట, రవ్వ వంటిది ఇంకొకచోట, మెత్తని పొడి చివరన పడుతూ ఉంటుంది. ఆ చివరి రెండు రకాలనే వ్యాపారంలో 'ఫానింగ్స్', 'డస్ట్' అంటారు. టీ బ్యాగులలో నింపేది ఎక్కువగా వీటినే.

మా శ్రీమతి తన సందేహాన్ని అక్కడి పర్యవేక్షకుని ముందు పెట్టింది. ఆ పెద్దాయన తమిళమూ ఇంగ్లీషూ కలిపి చెప్పిన సమాధానం ఇది: "డస్ట్ అంటే నేల మీది దుమ్ము కాదమ్మా. మీరు బియ్యం జల్లిస్తే నూక దిగదా? నూక కూడ బియ్యమే కదా!" పేరు పరిమాణాన్ని చెబుతుంది గాని శుభ్రతను కాదని ఆమెకు అప్పటికి నమ్మకం కుదిరింది.

అయితే నూకకు, బియ్యానికి వంటలో తేడా ఉన్నట్లే ఇక్కడా ఉన్నది. పొడి ఎంత సన్ననిదైతే నీరు తగిలే ఉపరితలం అంత ఎక్కువ. అందువల్ల రంగు, కెఫీన్, వగరునిచ్చే టానిన్లు త్వరగా దిగుతాయి. బ్యాగు ఒకటి రెండు నిమిషాలలో చిక్కని రంగునిస్తే, పెద్ద ఆకుకు మూడు నుండి ఐదు నిమిషాలు కావాలి. గాలి తగిలి సువాసన పోవడం కూడ సన్నని పొడికే త్వరగా జరుగుతుంది. కనుక రుచిలో, పరిమళంలో ఆకు టీది పైచేయి. కాని 'బ్యాగులో సారం లేదు, ఆకులోనే ఆరోగ్యం' అనడానికి ఆ జల్లెడల వద్ద ఆధారం కనిపించదు. రెండూ ఒకే ఆకు బిడ్డలు.

బ్యాగు మాటేమిటి?

పొడిలో దోషం లేకపోతే, చూడవలసినది పొడిని మోసే బ్యాగును. 1908 ప్రాంతంలో థామస్ సల్లివన్ అనే న్యూయార్క్ వర్తకుడు నమూనాల కోసం టీని చిన్న పట్టు సంచులలో పెట్టి పంపితే, కొనుగోలుదారులు వాటిని విప్పకుండ అట్లాగే వేడినీళ్ళలో ముంచారని ఒక కథ ప్రచారంలో ఉన్నది. అంతకుముందే 1901లో అమెరికాలోని మిల్వాకీ నగరానికి చెందిన ఇద్దరు స్త్రీలు గుడ్డతో చేసిన టీ బ్యాగుకు పేటెంటు కోసం దరఖాస్తు చేశారు.

నేటి బ్యాగులు పట్టువి కావు. కొన్ని కాగితంతో చేసినవి. వాటిలోనూ అంచులు వేడితో అతుక్కోవడానికి కొంత ప్లాస్టిక్ పీచు కలుపుతుండడం కద్దు. మెరుస్తూ, పిరమిడ్ ఆకారంలో, లోపలి ఆకు కనిపించే ఖరీదైన బ్యాగులు చాలావరకు నైలాన్ వంటి పదార్థాలతో నేసినవి. 2019లో కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు అటువంటి ఖాళీ బ్యాగులను 95 డిగ్రీల వేడినీటిలో ఉంచి పరీక్షించారు. ఒక్క బ్యాగు నుండి సుమారు 1,160 కోట్ల సూక్ష్మ ప్లాస్టిక్ కణాలు కప్పులోకి దిగినట్లు ప్రకటించారు. ఆ అంకె మరీ ఎక్కువగా ఉన్నదని కొందరు శాస్త్రజ్ఞులు ప్రశ్నించారు. ఆ కణాల వలన శరీరానికి ఎంత హాని అన్నది ఇంకా తేలవలసి ఉన్నది. అయినా అక్కరలేని వస్తువును మరిగే నీళ్ళలో ఎందుకు నాననివ్వాలి అన్న ప్రశ్న న్యాయమైనదే.

ఇంకొక చిన్న విషయం. బ్యాగుకు దారాన్ని బిగించడానికి స్టేపుల్ పిన్ను కొట్టే అలవాటు ఉండేది. ఆ పిన్ను ఊడి కప్పులో పడితే గొంతుకు ప్రమాదం. భారత ఆహార భద్రత, ప్రమాణాల ప్రాధికార సంస్థ 2017లో పిన్నులు వాడరాదని ఆదేశించింది. కనుక బ్యాగులు వాడేవారు పిన్ను లేనివి, ముడివేసినవి లేదా మడతపెట్టినవి, ప్లాస్టిక్ లేదని పెట్టె మీద స్పష్టంగా వ్రాసినవి ఎంచుకోవడం మేలు.

ఆకు టీ వేరు, విడి టీ వేరు

ఇంతమాత్రాన బజారులో బస్తా విప్పి తూచి ఇచ్చే టీ పొడి అంతా శ్రేష్ఠమని భావించరాదు. ఆకు టీ అన్నది తయారీలో ఒక రకం. విడి టీ అన్నది అమ్మే పద్ధతి. పేరు, తేదీ, లైసెన్సు సంఖ్య లేని విడి పొడిలో రంగు కలిపే అవకాశం ఉన్నది. వాడి పారేసిన పొడిని ఆరబెట్టి, రంగు వేసి మళ్ళీ అమ్మే మోసగాళ్ళు లేకపోలేదు. దీన్ని ఇంట్లోనే పరీక్షించవచ్చు. తెల్లని వడపోత కాగితం మీద కొంచెం పొడి పరచి, కాగితం తడిసేటట్లు నీళ్ళు చిలకరించాలి. పిమ్మట పొడిని తీసివేసి, కాగితాన్ని కడిగి, వెలుతురులో చూడాలి. రంగు చారలు స్పష్టంగా ఉంటే ఆ పొడిలో కల్తీ రంగు ఉన్నట్లే. అయస్కాంతాన్ని పొడి మీద త్రిప్పితే ఇనుపరజను ఉన్నదీ లేనిదీ తెలిసిపోతుంది.

ఆకు వయస్సు కూడ గమనార్హం. తేయాకు మొక్క నేలలోని ఫ్లోరైడును పీల్చుకొని ఆకులలో నిలువ చేస్తుంది. లేత చిగురులో అది తక్కువ, ముదురు ఆకులో ఎక్కువ. నల్లగొండ, ప్రకాశం జిల్లాలలో ఫ్లోరైడు నీటితో తరతరాలు బాధపడిన గ్రామాల వారికి ఈ సంగతి చెప్పి తీరాలి. అట్టి చోట్ల నాసిరకం ముదురాకు పొడిని గంటల తరబడి మరిగించి త్రాగడం తగదు.

పాస్తూరు సంస్థ గేటు దగ్గర

మూడవ రోజు 1874లో ఏర్పాటైన సిమ్స్ పార్కు చూడడానికి వెళ్ళాము. దాని చేరువనే 1907లో స్థాపించిన పాస్తూరు సంస్థ ఉన్నది. ఇక్కడే 1918లో రాబర్ట్ మెక్‌కారిసన్ అనే వైద్యుడు ఒక్క గదిలో బెరి-బెరి వ్యాధిపై పరిశోధన ప్రారంభించాడు. మరపట్టిన తెల్లబియ్యమే ఆహారమైనవారిని కుంగదీసిన జబ్బు అది. ఆ ఒక్క గది క్రమంగా పోషకాహార పరిశోధనశాలగా ఎదిగి, 1958లో హైదరాబాదుకు తరలివచ్చింది. 1969లో జాతీయ పోషకాహార సంస్థ అని పేరు పొందింది. తార్నాక మీదుగా నిత్యం బస్సులో వెళ్ళే మనవారిలో ఎందరికి ఆ సంస్థ పుట్టిల్లు తేయాకు కొండల మీద ఉన్నదని తెలుసును?

మా ప్రశ్నకు అసలైన సమాధానం ఇచ్చింది ఆ సంస్థే. భారత వైద్య పరిశోధన మండలితో కలిసి అది 2024లో ప్రకటించిన ఆహార మార్గదర్శకాలలో టీ గురించి రెండు ముఖ్యమైన మాటలున్నాయి. భోజనానికి కనీసం ఒక గంట ముందు, ఒక గంట తరువాత వరకు టీ గాని, కాఫీ గాని త్రాగకూడదన్నది మొదటిది. రోజుకు 300 మిల్లీగ్రాములకు మించి కెఫీన్ పుచ్చుకోరాదన్నది రెండవది. ఒక కప్పు టీలో 30 నుండి 65 మిల్లీగ్రాములు, అదే పరిమాణం గల డికాషన్ కాఫీలో 80 నుండి 120 మిల్లీగ్రాముల కెఫీన్ ఉంటుంది. మూడవ షిఫ్టులో నిద్ర ఆపుకోవడానికి కప్పు మీద కప్పు త్రాగే మిత్రులు ఈ లెక్క ఒకసారి వేసుకోవాలి.

మొదటి మాట వెనుక కారణం మరీ ముఖ్యమైనది. టీలోని టానిన్లు కడుపులో ఇనుముతో కలిసి, దాన్ని రక్తంలోకి పోనివ్వవు. తోటకూర, పప్పులు, రాగులు వంటి శాకాహారంలోని ఇనుము మీద ఈ ప్రభావం మరింత ఎక్కువ. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుండి 49 ఏళ్ళ వయస్సు గల స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉన్నది. మన ఇళ్ళలో ఉదయపు క్రమం చూడండి. ఇడ్లీ తిన్న చేతితోనే టీ గ్లాసు, ఆ వెంటనే ఇనుము మాత్ర. ఆ మాత్రలోని ఇనుము చాలావరకు వృథా. టీ ఆకుదైనా, బ్యాగుదైనా ఈ విషయంలో తేడా లేదు.

ఈ సంగతి విన్న తరువాత మా శ్రీమతి కొంతసేపు మాట్లాడలేదు. పిమ్మట "అయితే మనం బ్యాగు గురించి పోట్లాడుకున్నామే గాని గడియారం వైపు చూడలేదన్నమాట" అన్నది. ఇంటికి వచ్చిన తరువాత డాక్టరుగారిని సంప్రదించి, మాత్రకు ఒక వేళ, టీకి ఒక వేళ నిర్ణయించుకున్నది. మాత్రతోపాటు నిమ్మరసం గాని, జామపండు గాని తీసుకుంటున్నది. వాటిలోని సి విటమిను ఇనుము ఒంటపట్టడానికి సాయపడుతుంది.

ఏది ఎంచుకోవాలి?

తీరిక ఉన్న ఇంట్లో, పేరూ తేదీ గల పొట్లంలోని ఆకు టీ ఉత్తమం. రుచి, సువాసన ఎక్కువ. బ్యాగు పదార్థం గురించి చింత లేదు. గాలి చొరని డబ్బాలో, పోపుల డబ్బాకు దూరంగా ఉంచితే చాలు, ఎందుకంటే టీకి ఇతర వాసనలు త్వరగా పట్టుకుంటాయి. ప్రయాణాలలో, కార్యాలయంలో, హాస్టలులో బ్యాగు తప్పనిసరి అయితే కాగితపుదాన్ని ఎంచుకొని, రెండు మూడు నిమిషాలలో తీసివేయాలి. పిండవద్దు, పిండితే వగరు పెరుగుతుంది.

ఏ టీ అయినా మరీ పొగలు క్రక్కుతుండగా త్రాగరాదు. 65 డిగ్రీలకు మించిన వేడి పానీయాలు అన్నవాహిక క్యాన్సరుకు బహుశా కారణం కావచ్చునని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధన విభాగం 2016లో హెచ్చరించింది. పంచదార సంగతి సరేసరి. కప్పుకు రెండు చెంచాల చొప్పున నాలుగు కప్పులు త్రాగితే రోజుకు సుమారు 40 గ్రాములు. ఆ పంచదార చేసే చెరుపు ముందు ఆకుకు, బ్యాగుకు గల తేడా స్వల్పం.

మన క్యాంటీన్లలో కూడ భోజనం వెంటనే టీ అందించే పద్ధతికి బదులు, గంట గడిచిన తరువాత అందిస్తే ఎంతోమందికి మేలు జరుగుతుంది. దీనికి ఖర్చేమీ లేదు. ఇక ఇంటి విషయానికి వస్తే, అందరికీ వడ్డించి, చివరన తాను తిని, ఆ ఎంగిలి చేయి కడుక్కుంటూనే టీ గ్లాసు అందుకునే ఇల్లాలు ప్రతి ఇంట్లోనూ ఉన్నది. ఆమె ఒక్క గంట ఆగేటట్లు చూడండి. ఆ గంట తరువాత టీ పెట్టి ఆమె చేతికి అందించే బాధ్యత మనలో ఒకరు తీసుకుంటే మరీ మంచిది.